ప్రత్యేక అవసరాల పిల్లలు – పెరిగిన ఫైళ్ళు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఒకచోట చేరడానికి కారణం మీకందరికీ తెలిసినదే. 1982లో ఆ రోజున డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు సంక్రమించిన హక్కు అని తీర్పు చెప్పింది. మన కరువు భత్యం గురించి, వైద్య సౌకర్యాల గురించి ఇంతకుముందు వక్తలు వివరంగా మాట్లాడారు. నాకు మాత్రం వేరే విషయం అప్పగించారు. ప్రత్యేక అవసరాల పిల్లలకు బడుల్లో రాసే విద్యా ప్రణాళికల గురించి, ఆ బడుల చుట్టూ పెరిగిన ఆఫీసుల గురించి నాలుగు మాటలు చెప్పమని మన కార్యదర్శిగారు కోరారు.

నేను ఉపాధ్యాయుణ్ణి కాను, డాక్టరును కాను. గుమస్తాను. 1974లో పంచాయతీ సమితి ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఎక్కువ కాలం విద్యా విభాగం ఫైళ్ళే చూశాను. కనుక పిల్లవాడి చదువు గురించి కన్నా ఆ చదువు చుట్టూ తిరిగే కాగితం గురించి నాకు ఎక్కువ తెలుసు. ఆ తెలిసినదే మనవి చేస్తాను.

నేను చేరిన రోజుల్లో పల్లెటూరి బడి పైన ఉండే ఆఫీసులను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చును. బడిలో హెడ్మాస్టరు, సమితిలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు, జిల్లాలో డి.ఇ.ఓ., హైదరాబాదులో డైరెక్టరు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తున్నారంటే ముందు రోజే ఊళ్ళో కబురు పాకేది, బడి ముందు ముగ్గులు పడేవి. అయితే ఆ కాలమే బాగుండేదని నేను చెప్పబోవడం లేదు. బడి ఈడు పిల్లల జాబితా రాసేటప్పుడు చూపు లేని పిల్ల, మాట రాని పిల్లవాడు, పోలియోతో కాళ్ళు చచ్చుబడిన పిల్లవాడు – వీరి పేర్లకు ఎదురుగా రిమార్కుల గడిలో ఒకే మాట రాసేవారు: "అవిటి". ఆ మాటతో ఆ పిల్లల చదువు ముగిసిపోయేది. అటుపైన ఏ ఆఫీసూ వారి గురించి అడిగేది కాదు. అడగడానికి ఒక ప్రొఫార్మా అయినా ఉండేది కాదు.

కనుక "ఈ ఆఫీసులన్నీ ఎందుకండీ" అని విసుక్కునేవారితో నేను పూర్తిగా ఏకీభవించను. లెక్కలోకి రానివాడికి ప్రభుత్వంలో ఏదీ రాదని మనకన్నా బాగా తెలిసినవారెవరు? ఆ పిల్లలు లెక్కలోకి వచ్చారంటే కొన్ని చట్టాలు, కొన్ని ఆఫీసులు, కొన్ని ఫైళ్ళు పుట్టబట్టే వచ్చారు.

అవి ఎలా పుట్టాయో క్లుప్తంగా చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన 1974లోనే కేంద్ర ప్రభుత్వం వికలాంగ బాలల సమైక్య విద్య అనే పథకం ప్రారంభించింది. అది చాలాకాలం మా టేబులు దాకా రాలేదు. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అందులో ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, పద్దెనిమిదేళ్ళు నిండేవరకు ఉచిత విద్య అన్నారు. 2001 నుంచి సర్వశిక్షా అభియాన్ నడిచింది. మన రాష్ట్రంలో కొంతకాలం దానినే రాజీవ్ విద్యామిషన్ అన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. తీవ్ర వైకల్యం గల పిల్లలు ఇంటివద్దనే చదువు పొందవచ్చునని 2012లో దానిని సవరించారు. 2016లో పాత చట్టం స్థానంలో దివ్యాంగుల హక్కుల చట్టం చేసి, ఏడు రకాలను ఇరవై ఒకటి చేశారు. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు కూడా అందులో చేరాయి. 2018లో పాత పథకాలన్నింటినీ కలిపి సమగ్ర శిక్ష అన్నారు.

చట్టం ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా ఆఫీసు రెండు మెట్లు ఎక్కింది. 1985లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. తరువాత మండల విద్యాశాఖాధికారి వచ్చారు. మండల రిసోర్సు కేంద్రం, అందులో ఎకౌంటెంటు, కంప్యూటరు ఆపరేటరు, ఎం.ఐ.ఎస్. కోఆర్డినేటరు, స్కూలు కాంప్లెక్సులు, వాటికి సి.ఆర్.పి.లు వరుసగా వచ్చారు. జిల్లాలో డి.ఇ.ఓ.గారి ఆఫీసుతో పాటు సమగ్ర శిక్ష ఆఫీసు, అందులో సమైక్య విద్యకు ఒక కోఆర్డినేటరు, బాలికల విద్యకు ఒకరు, పర్యవేక్షణకు ఒకరు, లెక్కలకు ఒకరు ఏర్పడ్డారు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టి, సంక్షేమ విద్యా సహాయకుణ్ణి నియమించారు. 2022లో మండలానికి రెండో ఎం.ఇ.ఓ. పోస్టు మంజూరయింది.

నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఇందులో ప్రతి పోస్టుకూ ఒక న్యాయమైన కారణం ఉన్నది. కాని ఒక చిన్న సూక్ష్మం గమనించండి. కొత్తగా ఒక టీచరు పోస్టు కావాలంటే ఫైలు ఫైనాన్సు డిపార్టుమెంటుకు వెళ్ళాలి. అక్కడ ఎన్ని కొర్రీలు పడతాయో మనకు తెలుసు. కొత్తగా ఒక ప్రొఫార్మా కావాలంటే మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక సర్క్యులరు చాలును. దానికి ఖర్చు లేదని అనుకుంటాము. ఖర్చు ఉన్నది. టీచరు గంటలే దాని ఖర్చు. పైగా పోస్టులు రద్దు కావడం చూశాము గాని, ఒకసారి పుట్టిన ప్రొఫార్మా రద్దు కావడం నా సర్వీసులో చాలా అరుదుగా చూశాను.

ఈనాడు ఒక ప్రత్యేక అవసరాల పిల్లవాడి పేరు ఎన్ని చోట్ల ఉండాలో చూడండి. బడి అడ్మిషను రిజిస్టరులో ఒకటి. యూడైస్ ప్లస్‌లో రెండు. సదరం ధ్రువపత్రంలో మూడు. యు.డి.ఐ.డి. కార్డులో నాలుగు. భవిత కేంద్రం రిజిస్టరులో అయిదు. వైకల్యాన్ని ముందుగా పసిగట్టడానికి 2022లో వచ్చిన ప్రశస్త్ యాప్‌లో ఆరు. రవాణా భత్యం కోసం బ్యాంకు ఖాతాతో పంపే జాబితాలో ఏడు. ఒకచోట "అప్పలనాయుడు", మరొకచోట "అప్పల్నాయుడు" అని పడితే చాలును, భత్యం ఆగిపోతుంది. ఆ ఒక్క అక్షరం సరిచేయించడానికి కూలి మానుకొని తిరగవలసినది తల్లి.

ఇక అసలు ప్రణాళిక సంగతి. దీనిని వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటారు. బడుల్లో ఐ.ఇ.పి. అనే వాడుక. పిల్లవాడు ఇప్పుడు ఏమి చేయగలడు, ఏడాదిలో ఏమి నేర్పాలి, దానిని చిన్న చిన్న మెట్లుగా ఎలా విడదీయాలి, ఎవరు నేర్పాలి, ఎప్పుడు పరీక్షించి చూడాలి – ఇవి అందులోని గడులు. ఇది చట్టంగా మొదట అమెరికాలో 1975లో వచ్చింది. మన దేశంలో దీనికి తగిన పరీక్షా పట్టికలు తయారుచేసిన సంస్థల్లో ముఖ్యమైనది సికింద్రాబాదులో 1984లో స్థాపించిన మానసిక వికలాంగుల జాతీయ సంస్థ. మన తెలుగునాట ప్రత్యేక ఉపాధ్యాయులు చాలామంది ఆ పట్టికలతోనే శిక్షణ పొందారు. ఆలోచన చాలా మంచిది. అందరికీ ఒకే పాఠ్యపుస్తకం కాకుండా, ఈ ఒక్క పిల్లవాడికి ఏమి కావాలో ఆలోచించి రాయమన్నారు.

అది కాగితం మీద నుంచి పిల్లవాడి దాకా ఎలా వస్తుందో నేను దగ్గరుండి చూసిన ఒక సంగతి చెబుతాను. మన చుట్టుపక్కల పల్లెలోని ఒక కుటుంబం. ఊరు, పేరు చెప్పను. తల్లి నూలు వడుకుతుంది. కొడుకుకు పదకొండేళ్ళు. బుద్ధి ఎదుగుదల తక్కువ. ఆమె ఒక రోజు రెండు కాగితాలు పట్టుకొని మా అరుగు మీదికి వచ్చి, "బాబూ, మా గుంటడి కాయితాలివి. సంతకం ఎట్టమన్నారు, ఎట్టినాను. ఇందులో ఏటి రాసినారో సదివి సెప్పు" అన్నది.

ఆ ఏటి ప్రణాళిక ఒకటి, అంతకు ముందు ఏటిది ఒకటి. రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. నిత్యజీవన నైపుణ్యాలు మెరుగుపరచుట, సంఖ్యా భావన పెంపొందించుట, సామాజిక ప్రవర్తన అభివృద్ధి చేయుట అని వాటి సారాంశం. రెండు కాగితాల్లోనూ అవే మాటలు. తేదీ ఒక్కటే మారింది. పాత నోటుకు కొత్త తేదీ వేయడం ఏ ఆఫీసులోనైనా కనిపించే విద్యే కాబట్టి నాకు పట్టుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. నేను చదివి చెప్పగానే ఆమె అడిగిన ప్రశ్న ఇది: "అయితే ఆడికి ఏటి నేర్పుతారు బాబూ?" ఆ రెండు కాగితాల్లో దానికి జవాబు లేదు.

ఆమెతో కలిసి వెళ్ళి ప్రత్యేక ఉపాధ్యాయురాలిని కలుసుకున్నాను. కోపం తెచ్చుకోవడానికి నాకు అవకాశం లేకపోయింది. ఆ అమ్మాయి మంచి పనిమంతురాలు. ఉద్యోగం కాంట్రాక్టుది. పిల్లలు పది పన్నెండు ఊళ్ళలో ఉన్నారు. కేంద్రానికి వచ్చేవారికి అక్కడ నేర్పాలి, కదలలేనివారి ఇళ్ళకు వారంలో ఒక రోజు వెళ్ళాలి, ఫిజియోథెరపీ రోజున దగ్గరుండాలి. ఇవి కాక వివరాలు ఎక్కించడం, ఫొటోలు పంపడం, మీటింగులు. "సార్, నేర్పినదానికన్నా నేర్పినట్టు చూపించడానికే ఎక్కువ సేపు పడుతోంది" అన్నది. ఆ మాటలో కపటం కనిపించలేదు.

ముగ్గురమూ కూర్చొని తెలుగులో మూడు పంక్తులు రాసుకున్నాము. ఒకటి, నూలు చిలపలు పది వరకు లెక్కపెట్టి అమ్మకు ఇవ్వాలి. రెండు, చొక్కా బొత్తాలు తానే పెట్టుకోవాలి. మూడు, ఎవరైనా అడిగితే తన పేరు, తల్లి పేరు, ఊరి పేరు చెప్పాలి. ఒక్కొక్కదానికి ఎదురుగా ఎవరు నేర్పాలో రాశాము. లెక్క తల్లి, బొత్తాలు ప్రత్యేక ఉపాధ్యాయురాలు, పేర్లు తరగతి టీచరు. దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, బడి మూసే ముందు ఒకసారి చూడాలనుకున్నాము. ఏడాది తిరిగేసరికి పిల్లవాడు పది చిలపలు తప్పు లేకుండా లెక్కపెడుతున్నాడు. బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఊరి పేరు దగ్గర మాత్రం ఇంకా ఆగిపోతున్నాడు. ఆ టీచరు మూడో గడిలో "సాధించలేదు" అని రాసింది. ఆ మాట చూసి నేను సంతోషించాను. "మెరుగుపడుచున్నది" అని రాసిన పాత కాగితాలకన్నా "సాధించలేదు" అన్న ఈ కాగితమే నమ్మదగినది. మరుసటి ఏడాది ఎక్కడ మొదలుపెట్టాలో అది చెబుతున్నది.

కొందరు మిత్రులు, "అమెరికాలో అయితే ఇవన్నీ బ్రహ్మాండంగా జరుగుతాయి కదా" అంటారు. 2017లో మా అబ్బాయి దగ్గర న్యూజెర్సీలో ఆరు నెలలున్నాను. అక్కడ మన తెలుగువారి కుటుంబంలోనే ఆటిజం ఉన్న ఒక పిల్లవాడి తండ్రి వాళ్ళబ్బాయి ప్రణాళిక చూపించారు. ఇరవై పేజీలకు పైనే ఉన్నది. అక్కడి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, తరగతి టీచరు, ప్రత్యేక టీచరు, విద్యాశాఖ ప్రతినిధి, పరీక్షల ఫలితాలు విడమరచి చెప్పగలిగినవారు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. ఏడాదికొకసారి తప్పనిసరిగా సమీక్షించాలి. మూడేళ్ళకొకసారి పిల్లవాణ్ణి మళ్ళీ పరీక్షించాలి. తల్లికి ఇంగ్లీషు రాకపోతే దుబాసీని ఏర్పాటు చేయాలి. రాసినది జరగకపోతే తల్లిదండ్రులు విచారణ కోరవచ్చును.

అయినా అక్కడా బాధలున్నాయి. 1975లో ఆ చట్టం మీద సంతకం చేస్తూనే అధ్యక్షుడు ఫోర్డు, ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువ వాగ్దానం చేస్తున్నామన్నారు. సగటున ఒక్కొక్క విద్యార్థి మీద అయ్యే ఖర్చులో నలభై శాతం వరకు కేంద్రం భరిస్తుందన్న మాట ఈనాటికీ నెరవేరలేదు. టీచర్ల రాతపని ఎంత పెరిగిందంటే, 2004లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు పదిహేను రాష్ట్రాల వరకు రాతపని తగ్గించి చూడవచ్చునని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. అంటే కాగితం పెరగడం మన జబ్బు మాత్రమే కాదు. తేడా ఎక్కడంటే, అక్కడ ఆ కాగితం తల్లిదండ్రుల చేతిలో ఆయుధం. ఇక్కడ అది చాలాచోట్ల ఆఫీసు బీరువాలో రికార్డు.

మన చట్టమూ తక్కువది కాదు. 2016 చట్టం పదహారో సెక్షను ప్రకారం ప్రతి పిల్లవాడికీ అవసరమైన వ్యక్తిగత సహాయం బడి ఇవ్వాలి. అతని ప్రగతిని గమనిస్తూ ఉండాలి. నేర్పేవారి సంఖ్య విషయంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న రజనీష్ కుమార్ పాండే కేసులో, ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆ పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలన్నది. రాష్ట్రాలు పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని 2025 మార్చిలో మళ్ళీ ఆదేశించింది. అదే ఏడాది మన రాష్ట్రంలో రెండువేలకు పైచిలుకు ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరయ్యాయి. సంతోషం. మంజూరు వేరు, భర్తీ వేరని మాత్రం ఈ సభలో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

మన ఊరి ఖద్దరే చూడండి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే చెయ్యి, రాట్నం తిప్పే చెయ్యి ఉంటేనే నూలు వస్తుంది. జమాఖర్చులు రాసేవారు ఉండవలసిందే. కాని పదిమంది గుమస్తాలను పెంచినంత మాత్రాన దారం ఒక్క బార అయినా పొడుగు కాదు.

మన ఆఫీసుల్లో ఫైలు ముగించేటప్పుడు డిస్పోజల్ రకం వేసేవాళ్ళం. ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచి చించివేసేది. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా భద్రపరచేది. పిల్లవాడి ప్రణాళిక ఎల్.డిస్. ఫైలు కాకూడదు. ఏటా చించి, అవే మాటలు మళ్ళీ రాసేది కాకూడదు. అయిదో ఏట ఎక్కడున్నాడు, పదో ఏట ఎక్కడికి వచ్చాడు అన్న చరిత్ర అందులో ఉండాలి. నా మట్టుకు నేను ఏ ప్రణాళిక చూసినా మూడు సంగతులు వెతుకుతాను. చేయవలసిన పనికి ఎదురుగా ఒక మనిషి పేరు ఉన్నదా? ఒక తేదీ ఉన్నదా? తల్లికి అర్థమయ్యే భాషలో ఉన్నదా? ఈ మూడూ ఉంటే ఒక పేజీ చాలును. లేకపోతే ఇరవై పేజీలున్నా దండుగ. పై ఆఫీసులు కూడా "ఎన్ని ప్రణాళికలు రాశారు" అని అడగడం మాని, "ఎన్ని పంక్తులు నెరవేరాయి, నెరవేరనివాటికి ఏమి కావాలి" అని అడిగితే సగం ప్రొఫార్మాలు వాటంతట అవే అనవసరమవుతాయి.

ఇక మనం చేయగలిగినది. మనకు ఒంట్లో బలం తగ్గింది గాని కాగితం చదివే కన్ను తగ్గలేదు. మీ వీధిలో ఇటువంటి పిల్లవాడుంటే సదరం పత్రం, యు.డి.ఐ.డి. కార్డు, ఆధారు, బడి రిజిస్టరు – నాలుగింటిలో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసిపెట్టండి. ప్రణాళిక మీద తల్లి సంతకం చేసే ముందు పక్కన కూర్చొని చదివి వినిపించండి. ఒక నకలు అడిగి ఆమెకు ఇప్పించండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతున్నది. అందులో ఈ పిల్లల తల్లి ఒకరైనా ఉండేటట్లు ప్రోత్సహించండి.

మన ఇళ్ళ సంగతి కూడా ఒకటి మనవి చేస్తాను. మన సభ్యుల కుటుంబాల్లోనూ ఇటువంటి బిడ్డలున్నారు. 1980 పెన్షను నియమావళిలోని యాభయ్యో నియమం కింద, తనంతట తాను సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి జీవితాంతం కుటుంబ పెన్షను పొందే వీలున్నది. మీ పెన్షను కాగితాల్లో ఆ బిడ్డ పేరు, వైకల్యం వివరం చేరి ఉన్నాయో లేవో మీరు ఉండగానే చూసుకోండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి పద్దెనిమిదేళ్ళు దాటిన తరువాత 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చును. కలెక్టరుగారు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. ఇవి వాయిదా వేసే పనులు కావు.

పెన్షను దయ కాదు, హక్కు అని మనకు కోర్టు చెప్పేదాకా మనలో చాలామంది చేతులు కట్టుకొని నిలబడ్డారు. బడిలో ఆ పిల్లవాడికి రాసే పేజీ కూడా అటువంటి హక్కుపత్రమే. వాడు అడగలేడు. వాడి తల్లికి ఎక్కడ అడగాలో తెలియదు. మనకు తెలుసు. నెలకొక పూట ఆ పనికి కేటాయించగలిగినవారు సభానంతరం మన కార్యదర్శిగారి వద్ద పేర్లు రాయించవలసినదిగా కోరుతున్నాను. మొదటి పేరు నాది రాసుకోమన్నాను.